గాలికి తాళం

లాప్‌టాప్ తెర మీద వరసలు ఒకదాని కింద ఒకటి పడుతున్నాయి. ప్రతి వరసలోనూ టైము, మాట్లాడుతున్న సెట్టు నంబరు, ఏ గ్రూపులో మాట్లాడుతోందో ఆ గ్రూపు నంబరు. చివరి గడిలో ఒకటే మాట, ఎన్‌క్రిప్టెడ్, అంటే మాటకు తాళం వేశారని. స్పీకరులో చప్పుడు లేదు. ఎవరో ఎవరినో పిలిచారు, వాళ్ళు పలికారు, మూడో మనిషి అందుకున్నాడు. అంతవరకు తెలుస్తోంది. ఏమనుకున్నారో తెలియదు. అద్దాల తలుపుకి అవతల మనుషులు మాట్లాడుకుంటుంటే ఇవతల నిలబడి పెదవుల కదలిక చూస్తున్నట్టుంది.

చికాగో శివార్లలోని మా ఇంట్లో, వంటింటి ఫ్రిజ్ మీద, ఏళ్ళ తరబడి ఒక పోలీసు రేడియో స్కానర్ మాట్లాడుతూ ఉండేది. మా ఆవిడ తాలింపు పెడుతుంటే ఎక్కడో పొగ వస్తోందనీ, ఎక్కడో రెండు కార్లు గుద్దుకున్నాయనీ, ఓ పెద్దావిడ బాత్‌రూములో పడి లేవలేకపోతోందనీ ఆ పెట్టె చెబుతుండేది. పిల్లలు ఆ మాటల మధ్యే హోంవర్కులు చేసుకున్నారు. పోలీసుల మాటలకు తాళం పడ్డాక కూడా కొన్నాళ్ళు నేను దాన్ని ఆపలేదు. ఫైరు వాళ్ళ గొంతులు అప్పుడప్పుడూ వినబడేవి. మధ్యలో చాలాసేపు ఏమీ ఉండేది కాదు.

వినే అలవాటు నాకు అమెరికా ఇచ్చింది కాదు. మా ఊళ్ళో మా ఇంటికి ఎదురుగానే పోలీస్ స్టేషను. సాయంత్రాలు అక్కడ సెట్ కాన్ఫరెన్సు నడిచేది. జిల్లా కేంద్రం నుంచి ఎస్పీగారు వైర్‌లెస్ సెట్టులో ఒక్కో స్టేషన్నీ పిలిచి కేసుల సంగతి అడుగుతుంటే, మా ఎస్సైగారు కుర్చీలోంచి సగం లేచి, కనబడని అధికారికి "సార్... సార్..." అంటూ జవాబు చెప్పేవారు. కిటికీలోంచి ఆ గరగర మా అరుగు దాకా వచ్చేది. గొంతు ఎక్కడో యాభై మైళ్ళ అవతల, దాని భయం మా ఎదురింట్లో. నేను అరుగు చివర కూర్చుని చెవులు రిక్కిస్తే నాన్న "వినకూడదురా, లోపలికి రా" అనేవారు.

వినకూడదు అన్నది మర్యాద మాత్రమే కాదని తర్వాత తెలిసింది. మన దేశంలో 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా రేడియో యంత్రం దగ్గర ఉంచుకోవడమే అప్పట్లో నేరం. పాటలు వినే రేడియోకి కూడా ఏటా పోస్టాఫీసులో డబ్బు కట్టి పుస్తకం మీద స్టాంపులు వేయించుకునేవాళ్ళం. 1980ల మధ్య దాకా ఆ లైసెన్సు ఉంది. నాన్న ఆ పుస్తకాన్ని ట్రంకుపెట్టెలో ఇంటిపన్ను రసీదులతో కలిపి దాచేవారు. గాలిలో వచ్చేది సర్కారుది, వాళ్ళు విననిస్తే మనం వింటాం. నేను పెరిగిన లెక్క అదీ.

అందుకే 1998 వేసవిలో, ఇక్కడికి వచ్చిన కొత్తలో, ఓ పెద్దాయన తన గరాజ్ ముందు బల్ల వేసి పాత సామాన్లు అమ్ముతుంటే, వాటి మధ్య ఉన్న బేర్‌క్యాట్ స్కానర్ చూసి "దీంట్లో ఏం వింటారు?" అని అడిగినప్పుడు వచ్చిన జవాబు నాకు చాలా కాలం మింగుడుపడలేదు. "పోలీసుల్ని" అన్నాడాయన, పాల ధర చెప్పినంత మామూలుగా. "వాళ్ళు ఊరుకుంటారా?" అన్నాను. "వాళ్ళ రేడియోలు మన పన్నులతో కొన్నవే కదా" అని, ఒక కాగితం మీద ఫ్రీక్వెన్సీలు రాసిచ్చాడు. పక్కన ఏది పోలీసు, ఏది ఫైరు, ఏది అంబులెన్సు అని వివరం కూడా రాశాడు. పదిహేను డాలర్లిచ్చి పెట్టెనీ, ఊరికే కాగితాన్నీ ఇంటికి తెచ్చుకున్నాను. ఆ కాగితం ఇంకా ఉంది.

మొదటి నెలల్లో ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఆఫీసులో ఇంగ్లీషు వేరు, ఈ ఇంగ్లీషు వేరు. ఇందులో క్రియాపదాలు ఉండవు. అంకెలు, వీధుల పేర్లు, దిక్కులు, అంతే. నెమ్మదిగా చెవికి పట్టు దొరికింది. ముందు పట్టుబడింది అక్షరాలు. మనం బళ్ళో ఏ ఫర్ యాపిల్ అని నేర్చుకున్నట్టు పోలీసులకు వాళ్ళ బాలశిక్ష ఉంది: యాడమ్, బాయ్, చార్లెస్, డేవిడ్, ఎడ్వర్డ్. పేరు చెప్పాలంటే ఆ వరసలో అక్షరాలు విడగొట్టి చెబుతారు. నా ఇంటిపేరులో పదమూడు అక్షరాలు. బ్యాంకుకి ఫోన్ చేసినా, డాక్టరు అపాయింట్‌మెంటు అడిగినా అది చెప్పడం ఒక గండం. స్కానర్ విని విని, వీ విక్టర్, ఈ ఎడ్వర్డ్, ఎన్ నోరా అంటూ తడబడకుండా చెప్పడం వచ్చింది. ఈ దేశంలో నా పేరు నేను సరిగ్గా చెప్పుకోగలిగింది పోలీసుల అక్షరమాలతోనే.

తర్వాత ఊరు అర్థమైంది. నేను చూసే ఊరు ఆఫీసు, ఇల్లు, ఇండియన్ స్టోరు, శని ఆదివారాలు గుడి. ఆ పెట్టె చెప్పే ఊరు ఇంకొకటి. మందులు వేసుకోవడం మానేసి అర్ధరాత్రి రోడ్డు మీద నడుస్తున్న కొడుకు కోసం ఫోన్ చేసిన తల్లి. మూడు రోజులుగా పక్కింటాయన పేపరు తీసుకోలేదని చెప్పిన మనిషి. మంచులో జారి కాలవలో పడ్డ కారు. సినిమాల్లో చూపించే ఛేజులు ఏడాదికి రెండో మూడో. మిగతాదంతా ఇదే. చికాగో పోలీసులు ఊరిని జోన్లుగా పంచుకుని మాట్లాడుకునేవారు. నగరానికి పడమటి వైపున్న జోన్ 10 వింటూ కూర్చుంటే, నేను కారు అద్దాలు ఎత్తుకుని హైవే మీద దాటిపోయే ఆ పేటల్లో మనుషులు ఏ రాత్రి దేనికి భయపడ్డారో తెలిసేది. "10-1" అన్నారంటే ఒక పోలీసు ప్రాణాపాయంలో ఉన్నాడని అర్థం. ఆ మాట వినబడగానే మిగతా గొంతులన్నీ టక్కున ఆగిపోతాయి. ఆ ఆగడంలో ఉన్న కట్టుబాటు నన్ను ప్రతిసారీ కదిలించేది.

మా శివారు వైపు పోలీసుల్ని పంపే గొంతు ఒకావిడది. పేరు తెలియదు. ఎంతటి కంగారు కాల్ వచ్చినా గొంతు పెంచేది కాదు, ఇంకాస్త తగ్గించేది. కొత్త కుర్రాడెవరో పరుగెడుతూ ఆయాసంతో వీధి పేరు తప్పు చెబితే, తప్పని అనకుండా సరైన పేరును తన వాక్యంలో కలిపి తిరిగి చెప్పేది. మా పిల్లలకు ఆవిడ గొంతు తెలుసు. ఆవిడ సెలవు మీద వెళ్ళినప్పుడు వేరే గొంతు వినబడితే "ఆంటీ రాలేదా నాన్నా?" అని అడిగేవారు.

ఈ వినికిడికి చాలా పాత చరిత్ర ఉంది. 1928లో డెట్రాయిట్ పోలీసులు కార్లలో రేడియోలు పెట్టారు. అప్పుడది ఒకవైపు మాటే. స్టేషను చెబుతుంది, కారులో పోలీసు విని వెళతాడు, తిరిగి జవాబు చెప్పే సాధనం లేదు. 1933లో న్యూజెర్సీలోని బేయోన్ పోలీసులు రెండు వైపులా మాట్లాడుకునే రేడియోలు వాడడం మొదలుపెట్టారు. అప్పటి పోలీసు పిలుపులు మామూలు మీడియం వేవ్‌కి కాస్త పైన ఉండేవి కాబట్టి, 1930ల నాటి ఇంటి రేడియోల డయల్ మీద ఊళ్ళ పేర్లతో పాటు 'పోలీస్' అని కూడా అచ్చు వేసేవారు. ముల్లు అక్కడికి తిప్పితే చాలు, ఊరు వినబడేది. న్యూయార్క్‌లో వీజీ అని పేరుపడ్డ ఫొటోగ్రాఫర్ ఆర్థర్ ఫెలిగ్ 1938లో అనుమతి తీసుకుని తన కారులో పోలీసు రేడియో పెట్టుకున్నాడు. రాత్రుళ్ళు నగరంలో ఏం జరిగిందో మనకు చూపించే ఆ ఫొటోలు ఆ చెవి పుణ్యమే.

చట్టం కూడా దీన్ని ఆలోచించే రాసింది. 1934 నాటి కమ్యూనికేషన్స్ చట్టం పరాయి మాట విని దాన్ని బయటపెట్టడం మీద, దానితో లాభం పొందడం మీద ఆంక్ష పెట్టింది. 1986లో వచ్చిన చట్టం, ప్రజలకు తేలిగ్గా అందేలా గాలిలో సాగే పోలీసు, ఫైరు మాటలు వినడం నేరం కాదని విడిగా రాసింది. సెల్‌ఫోన్ మాటలు వినడం మాత్రం నేరమే. 1996 డిసెంబరులో ఫ్లోరిడాలో ఒక జంట స్కానర్‌లో అమెరికా కాంగ్రెస్ సభ్యుల ఫోన్ సంభాషణ విని, రికార్డు చేసి, ఇంకొకరి చేతికిచ్చారు. స్పీకర్ న్యూట్ గింగ్రిచ్ కూడా ఉన్న ఆ సంభాషణ పత్రికలకెక్కింది, ఆ జంట చెరో 500 డాలర్లు జరిమానా కట్టింది. కొన్ని రాష్ట్రాల్లో కారులో స్కానర్ పెట్టుకోవాలంటే అనుమతి కావాలి. ఇంట్లో మాత్రం నాన్న నన్ను పిలవనక్కరలేదు. నేను అరుగు మీదే కూర్చోవచ్చు.

వినే విద్య మాత్రం కష్టమవుతూ వచ్చింది. పోలీసులు, ఫైరు, నీళ్ళ శాఖ, రోడ్ల మీద మంచు తోసేవాళ్ళు, ఒక్కొక్కరికీ విడి ఫ్రీక్వెన్సీలిస్తే ఉన్నవి చాలవు. ఇచ్చినవి చాలాసేపు ఖాళీగా పడి ఉంటాయి. అందుకని ట్రంకింగ్ వచ్చింది. పండగ రద్దీలో ఆర్టీసీ బస్టాండు గుర్తు తెచ్చుకోండి. మన బస్సు ఏ ప్లాట్‌ఫారం ఖాళీగా ఉంటే దాని మీదికి వస్తుంది. ఎంక్వయిరీ వాళ్ళు మైకులో చెబుతారు. మనం వెతికేది బస్సు బోర్డుని. ఇక్కడ ఫ్రీక్వెన్సీలు ప్లాట్‌ఫారాలు, టాక్‌గ్రూప్ బస్సు బోర్డు, కంట్రోల్ చానెల్ ఎంక్వయిరీ మైకు. పాత స్కానర్ ఒకే ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఉండే మనిషి లాంటిది. ఒక మాట పోలీసుది వినబడితే తర్వాతి మాట మంచు తోసే డ్రైవరుది. 1997లో యూనిడెన్ కంపెనీ ట్రంక్‌ట్రాకర్ అని ఒక స్కానర్ తెచ్చింది. అది మైకు మాట విని బస్సు వెంట పరిగెత్తడం నేర్చింది. తర్వాత గొంతులు అంకెలుగా మారాయి. ప్రాజెక్ట్ 25 అనే ప్రమాణం దేశమంతా పరుచుకుంది. ఇల్లినాయ్‌లో స్టేట్ పోలీసుల మాటలు మోసే స్టార్‌కామ్21 నెట్‌వర్కు ఆ పద్ధతిదే. 2012 ప్రాంతంలో, టీవీ చూడడానికి కంప్యూటరుకి పెట్టుకునే చిన్న డాంగిల్‌తో రేడియో మొత్తం వినవచ్చని కొందరు కనిపెట్టారు. నెట్‌లో ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్, ఇరవై ముప్పై డాలర్ల ముక్క, కిటికీలో తీగ. మళ్ళీ అందరికీ అందింది.

ఇక్కడ నేను దాచకుండా చెప్పవలసిన రాత్రి ఒకటుంది.

అప్పటికి మేం అపార్ట్‌మెంటులో ఉండేవాళ్ళం. పదకొండు దాటింది. పోలీసుల్ని పంపే ఆవిడ గొంతులో, ఎప్పటిలా నెమ్మదిగా, మా వీధి పేరు వచ్చింది. మా బిల్డింగు నంబరు వచ్చింది. తర్వాత మా పైఅంతస్తులో ఒక ఫ్లాటు నంబరు, "డొమెస్టిక్" అన్న మాట. ఫోన్ చేసింది భార్య, ఏడుస్తోంది, వెనక మగ గొంతు, తర్వాత లైను కట్. ఆ ఫ్లాటులో ఉండేది తెలుగు వాళ్ళే. కొత్తగా పెళ్ళయి వచ్చిన అమ్మాయి. అంతకు ముందు వారమే మా ఆవిడకు గోంగూర పచ్చడి తెచ్చిచ్చి వెళ్ళింది. నాలుగు నిమిషాల్లో పోలీసులు వచ్చారు. మెట్ల మీద బూట్ల చప్పుడు ముందు గోడలోంచి, ఆ తర్వాత రేడియోలోంచి విన్నాను. ఆ అమ్మాయి పేరునీ పుట్టిన తేదీనీ, తప్పు పోకుండా, అక్షరం అక్షరం విడగొట్టి గాలిలో చెప్పారు.

పది రోజుల తర్వాత ఇండియన్ స్టోరులో కూరగాయల దగ్గర కనబడింది. మోచేతికి కట్టు. "మెట్ల మీద జారిపడ్డానండీ అన్నయ్యగారూ" అంది, నేను అడగకముందే. నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకు తెలియదు. అంత అన్యాయమైన స్థితిలో ఒక మనిషి ముందు నేనెప్పుడూ నిలబడలేదు. "ఏ రాత్రయినా సరే, మా తలుపు కొట్టమ్మా" అని మాత్రం అన్నాను. ఆమె ఒక క్షణం నా ముఖంలోకి చూసి, బెండకాయలు ఏరుకోవడంలో పడిపోయింది. తర్వాత మా ఆవిడే ఆమెకు తోడు నిలిచింది. ఆ కథ ఆమెది, నేను చెప్పను.

అప్పటి నుంచి ఎన్‌క్రిప్షన్ మాట వచ్చినప్పుడు నేను ఒక పక్షాన గట్టిగా నిలబడలేకపోయాను. ఆ పిల్ల పేరు నా చెవిలో పడవలసింది కాదు. నాలాంటి ఎన్ని వందల చెవుల్లో పడిందో. కాని అదే చెవితో ఇంకో సంగతీ విన్నాను. ఆమె పిలిచింది, నాలుగు నిమిషాల్లో మనుషులు వచ్చారు, ఆమెను విడిగా కూర్చోబెట్టి మాట్లాడారు, భర్తను బయటికి తీసుకెళ్ళారు. వాళ్ళు రాకపోయి ఉంటే, వచ్చి విసుక్కుని వెళ్ళిపోయి ఉంటే, అదీ నాకు తెలిసేది. ఆమె పరువూ, వాళ్ళ పనీ ఒకే గాలిలో వచ్చాయి. మొదటిదాన్ని కాపాడాలి. రెండోదాన్ని కాపాడమని ఎవరడిగారు?

వినేవాళ్ళ తప్పులు కూడా చిన్నవి కావు. 2013 ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్ బాంబుల తర్వాత, నిందితుల కోసం వేట సాగిన రాత్రి, దేశమంతా నెట్‌లో ఆ ఊరి పోలీసు రేడియో వింది. ఒక ఇంటిపేరు చెబుతూ, అక్షరం తప్పు పోకుండా, రేడియోలో "ఎమ్ యాజ్ ఇన్ మైక్" అన్నారు. తెల్లారేసరికి మైక్ అనేది ఒక మనిషి పేరైపోయింది. నిందితుడి పేరు మైక్ అని లోకమంతా పాకింది. మన దేశ మూలాలున్న ఒక కుర్రాడు, అప్పటికే నెల రోజులుగా కనబడకుండా పోయి ఇంట్లోవాళ్ళు వెతుకుతున్నవాడు, అతని పేరు కూడా రేడియోలో విన్నామని పుకారు పుట్టింది. రికార్డులు వెతికితే ఆ పేరు ఎక్కడా లేదు. కొద్ది రోజులకు అతని శవం నదిలో దొరికింది. బాంబులకీ అతనికీ ఏ సంబంధమూ లేదు. కొడుకు కోసం ఎదురుచూస్తున్న ఆ తల్లిదండ్రుల ఇంటి మీద ఆ రాత్రి పడ్డ మాటల్ని తలచుకుంటే ఇప్పటికీ నాకు గుండె బరువెక్కుతుంది. అక్షరమాల రానివాళ్ళు చదివిన చదువు అది. స్కానర్ విన్నవాడు మొదట నేర్చుకోవలసింది, విన్నది వెంటనే నమ్మకూడదని. పరుగెత్తుతున్న పోలీసు చెప్పే మొదటి మాట సగంసార్లు ఐదు నిమిషాల్లో మారిపోతుంది. ఏళ్ళ తరబడి వినేవాళ్ళకు అది తెలుసు. ఆ ఒక్క రాత్రి వచ్చినవాళ్ళకు తెలియదు.

2020 వేసవిలో పోలీసుల తీరు మీద సాగిన నిరసనల్లో రెండు వైపుల తప్పులూ బయటపడ్డాయి. చికాగోలో ఎవరో పోలీసు ఫ్రీక్వెన్సీల్లోకి చొరబడి పాటలు వేశారు. సహాయం కోసం పిలుస్తున్న పోలీసు గొంతు మీద పాట పడింది. అది వినడం కాదు, నేరం. న్యూయార్క్‌లో, నిరసనకారుల మీదుగా తొక్కించేయండి అన్న గొంతు పోలీసు రేడియోలోనే వినబడింది. రికార్డు చేసినవాళ్ళు ఉండబట్టి అది వార్త అయింది. అదే గొంతు తాళం వేసిన గ్రూపులో పలికి ఉంటే, ఆ మాట అన్నవాడికీ విన్న సహోద్యోగులకీ మధ్యే ఉండిపోయేది.

తర్వాత తాళాలు వరసగా పడ్డాయి. వాషింగ్టన్ 2011లోనే వేసుకుంది, డెన్వర్ 2019లో. చికాగో 2022 చివరికల్లా అన్ని జోన్లకూ వేసింది. పోలీసుల భద్రత కోసమేనని అప్పటి మేయర్ లోరీ లైట్‌ఫుట్ సమర్థించారు. ప్రజలకు ముప్పై నిమిషాలు ఆలస్యంగా వినిపిస్తామన్నారు. 2023 వేసవిలో న్యూయార్క్ బ్రూక్లిన్ నుంచి మొదలుపెట్టింది. కొత్త రేడియోల ఖర్చు 39 కోట్ల డాలర్లు. దొంగ కూడా వింటాడు కదా అన్న వాదన అబద్ధం కాదు. అందుకే నిఘా బృందాలూ, ఆయుధాలతో తలుపులు బద్దలు కొట్టి వెళ్ళే బృందాలూ ఎప్పటి నుంచో తాళం వేసుకున్న గ్రూపుల్లోనే మాట్లాడుకుంటున్నారు. నాకు తెలిసిన శ్రోతలెవరూ దాన్ని తప్పుపట్టలేదు. గొడవంతా ఫలానా వీధికి ఫలానా కారు వెళ్ళు అనే రోజువారీ పిలుపు గురించి.

ముప్పై నిమిషాల ఆలస్యం అంటే ఏమిటో విన్నవాళ్ళకే తెలుస్తుంది. అందులో ఒక ఇల్లు తగలబడుతున్న మాట వినబడేసరికి అది ఆరిపోయి ఉంటుంది. విలేఖరి బయలుదేరేసరికి పోలీసులు టేపు చుట్టేసుకుని వెళ్ళిపోతుంటారు. అక్కడ నిలబడి చూడవలసిన కళ్ళు లేవు. తర్వాత మిగిలేది పోలీసులు రాసిన ప్రెస్ నోటు.

పేర్ల సంగతి? దానికి దారి ఉంది, ఒక ఊరు చూపించింది కూడా. కాలిఫోర్నియా న్యాయశాఖ 2020లో అక్కడి పోలీసులకు, మనుషుల వ్యక్తిగత వివరాలు బహిరంగంగా రేడియోలో చెప్పకూడదని ఉత్తర్వు ఇచ్చింది. మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసుకోండి, లేదా ఆ వివరాలు మాత్రం కాపాడే పద్ధతి పెట్టుకోండి అంది. చాలా ఊళ్ళు సులువైన మొదటి దారి పట్టాయి. పాలో ఆల్టో కూడా 2021 జనవరిలో తాళం వేసింది. కాని 2022 సెప్టెంబరులో తీసేసింది. పిలుపులు బహిరంగంగానే సాగుతాయి, పేరూ పుట్టిన తేదీ లాంటివి మాత్రం వీలైనంత వరకు వేరే దారిన పంపుకోవాలి. ప్రతి పోలీసు కారులోనూ కంప్యూటరు ఉంటుంది, చేతిలో ఫోను ఉంటుంది. ఆ రాత్రి మా పైఫ్లాటు అమ్మాయి పేరు ఆ తెర మీద టైపు చేసి పంపి ఉంటే, ఆమె పరువు దక్కేది, నాలుగు నిమిషాలూ నాకు వినబడేవి.

తాళం వేసినంత మాత్రాన భద్రత వచ్చినట్టు కూడా కాదు. 2011లో పెన్సిల్వేనియా యూనివర్సిటీకి చెందిన మ్యాట్ బ్లేజ్, ఆయన బృందం ఒక పరిశోధన వెలువరించారు. ఫెడరల్ ఏజెంట్ల రహస్య నిఘా మాటలు కూడా తరచూ తాళం లేకుండానే గాలిలో పోతున్నాయని వాళ్ళు విని తేల్చారు. సెట్టు మీద రహస్యానికీ బహిరంగానికీ మధ్య ఉన్న మీట ఎటు ఉందో మాట్లాడేవాడికి తెలియడం లేదు. పిల్లల ఆటబొమ్మను మార్చి ఆ రేడియోల మాటను చెడగొట్టవచ్చని కూడా చూపించారు. యూరప్ పోలీసులు వాడే టెట్రా రేడియోల్లో ఒక రకం తాళానికి, పైకి చెప్పుకునే 80 బిట్ల తాళంచెవి లోలోపల 32 బిట్లకు కుదించి ఉందని 2023లో డచ్ పరిశోధకులు బయటపెట్టారు. దశాబ్దాల పాటు ఆ తాళం ఎలా తయారైందో బయటివాళ్ళకు చూపించలేదు, అందుకే లోపం అన్నేళ్ళు దాగింది. మా కౌంటీ వాడే ఏఈఎస్ తాళం మాత్రం లోకమంతా పరీక్షించినది. దాన్ని విప్పడం ఎవరి తరమూ కాదు, విప్పాలని నాకూ లేదు. గొంతును సెకనులో యాభయ్యో వంతు ముక్కలుగా కోసి, అంకెలుగా మార్చి, తాళంచెవితో కలిపేస్తే చెవి లేనివాడికి మిగిలేది హోరు. నేను అడిగేది చెవి కాదు. ఏ మాటకు తాళం అక్కరలేదో కూర్చుని ఆలోచించమని.

మా ఊరి బోర్డు సమావేశంలో మూడు నిమిషాలిస్తారు. వెళ్ళి అదే చెప్పాను. పోలీస్ చీఫ్ మర్యాదగా విన్నారు. "మీలాంటివాళ్ళతో మాకు ఇబ్బంది లేదు" అన్నారు. పక్క ఊళ్ళన్నీ ఒకే పద్ధతిలో ఉన్నప్పుడు తాము ఒక్కరే వేరుగా ఉండలేమన్నారు. చప్పట్లు కొట్టినవాళ్ళు ఇద్దరు, ఇద్దరూ డెబ్బై దాటినవాళ్ళు.

వినడం కాలక్షేపమని ఎవరైనా అంటే నాకు 2004 డిసెంబరు గుర్తొస్తుంది. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం, భారతీ ప్రసాద్ నాయకత్వంలో, అండమాన్ నుంచి ప్రపంచంలోని హామ్‌లతో, అంటే సరదాకి రేడియో నడిపేవాళ్ళతో, మాట్లాడాలని పోర్ట్‌బ్లెయిర్‌లో ఏంటెనాలు కట్టుకుని ఉంది. 26వ తేదీ పొద్దున్నే భూమి కదిలింది, సముద్రం లేచింది. ఫోన్లు పోయాయి. సరదాకి కట్టిన ఆ ఏంటెనాలే దీవుల నుంచి బయటికి మాట పంపాయి. పోలీసు రేడియో సంగతి వేరే, నిజమే. కాని ఏమీ లేని రోజుల్లో కూడా చెవి అటు పెట్టి ఉంచే మనుషులు ఊళ్ళో కొందరుండాలి. ఆ అలవాటు ఒక్క రోజులో రాదు.

పోయిన వసంతంలో ఊరి న్యూస్‌లెటరు వచ్చింది. రెండో పేజీలో ఒక ఫొటో. తెల్లజుట్టు, మెడలో హెడ్‌సెట్, సన్నటి నవ్వు. రేడియోలో పోలీసుల్ని పంపే ఇరవయ్యారేళ్ళ ఉద్యోగం తర్వాత శుక్రవారం మధ్యాహ్నం రిటైరవుతోందని కింద రాశారు. పేరు చదివాను. ముఖం చూశాను. గొంతు లేకుండా ఆవిడ నాకు పరాయి మనిషిలా కనబడింది.

రిటైరయ్యే డిస్పాచర్‌ను ఇక్కడ చివరి షిఫ్టులో రేడియోలోనే సాగనంపుతారు. సూపర్‌వైజరు నాలుగు మాటలు చెబుతాడు, కార్లలో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే పలుకుతారు, చివర ఆవిడ మాట్లాడుతుంది. పాత రోజుల్లో ఇలాంటివి రెండు మూడు విన్నాను. ఆ శుక్రవారం ఇంటి నుంచే పని చేస్తున్నాను. మూడు కావస్తుండగా డాంగిల్ గుచ్చి లాప్‌టాప్ తెరిచాను. మా ఆవిడ కూడా వచ్చి పక్కన కూర్చుంది.

రెండూ యాభై ఎనిమిదికి కన్సోల్ నంబరు వెలిగింది, చాలాసేపు. ఎన్‌క్రిప్టెడ్. తర్వాత సెట్టు నంబర్లు ఒకదాని తర్వాత ఒకటి, ఒక్కోటి మూడు సెకన్లు, ఐదు సెకన్లు. కొన్ని నంబర్లు నాకు ఏళ్ళ నుంచి తెలిసినవి. పదిహేడు లెక్కపెట్టాను. ఆ తర్వాత మళ్ళీ కన్సోల్.

"ఏమంటోంది?" అంది మా ఆవిడ.

"వెళ్ళొస్తానంటోందేమో" అన్నాను.

ఆ గ్రూపు నంబరు ఆరిపోయింది. దాదాపు నిమిషం పాటు ఏ వరసా పడలేదు. మూడు గంటల ఆరు నిమిషాలకు కన్సోల్ ఏదో కారును పిలిచింది, కారు పలికింది.